అమావాస్య మాట, విదియ సంతకం

మెహ్జబీన్ తన ఉద్యోగంలో సాధించిన మొదటి ఘనకార్యం ఒక మిల్లు యజమాని చేత "వద్దమ్మా" అనిపించడం.

పల్నాడులో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి వ్యాపారస్తుడు ముఖం మీద వద్దు అనడు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి కుర్చీ వేసి, టీ తాగించి, "చూద్దాంలే" అంటాడు. "పండగెళ్లనీ" అంటాడు. "మావోళ్లతో ఒక మాటనుకోవాల" అంటాడు. పొలం గట్టు దగ్గర తగాదాకు నిమిషం ఆలోచించని మనుషులే, సరుకు అమ్మవచ్చినవాడికి కాదని చెప్పడానికి నోరు రాక ఏడాది పొడుగునా తిప్పుతారు. దాన్ని మర్యాద అంటారు. ఆ మర్యాదకు అవతలి కంపెనీలో కరిగే పెట్రోలు, జీతాలు, అరిగే చెప్పులు ఎవరి లెక్కలోనూ పడవు.

మెహ్జబీన్ పనిచేసే సువాయు ఇంజనీరింగ్ వర్క్స్ నరసరావుపేట శివార్లలో ఒక పెద్ద రేకుల షెడ్డు. పత్తి నుంచి గింజ వేరు చేసే జిన్నింగు మిల్లుల్లో గాల్లో లేచే దుమ్మునూ నలుసునూ లాగేసే యంత్రాలు అక్కడ తయారవుతాయి. యంత్రం మంచిదే. దాన్ని చేయడానికి పట్టే కాలం కంటే అమ్మడానికి పట్టే కాలమే ఎక్కువ, అదీ తంటా. డీజిల్ ఇంజన్లు బాగుచేసే చాంద్ బాషా కూతురు మెహ్జబీన్ బీకాం చదివి, కొటేషన్లు టైపు చేయడానికి ఆ షెడ్డులో చేరింది. అమ్మకాల మేనేజరు ఇంకో కంపెనీకి వెళ్లిపోయాక ఆ పని ఆమెకు తాత్కాలికంగా అప్పగించారు. మన ఆఫీసుల్లో తాత్కాలికం అంటే పని నీది, కుర్చీ నీది కాదు అని.

యజమాని మల్లికార్జునరావు గదిలో గోడంత తెల్లబోర్డు ఒకటి ఉండేది. మాచర్ల, గురజాల, కారంపూడి వైపు మిల్లుల పేర్లన్నీ దాని మీద నీలిరంగులో, ప్రతి పేరు పక్కనా "చర్చల్లో" అని. ఆయన పొద్దున్నే దేవుడి పటానికి దండం పెట్టి, తర్వాత ఆ బోర్డు వైపు కూడా ఒకసారి తృప్తిగా చూసుకునేవాడు. అందులో ఒక మిల్లు ఎప్పుడో మూతపడి ఫంక్షన్ హాలుగా మారింది. రెండు పెళ్లిళ్లకు ఆయనే వెళ్లి భోంచేసి వచ్చాడు కూడా. బోర్డు మీద మాత్రం అది ఇంకా చర్చల్లోనే ఉంది.

ఆ ఏడు పత్తి సీజను సగంలోకి వచ్చినా ఆర్డర్లు లేవు. మల్లికార్జునరావు ఆమెను పిలిచి మాట దాచకుండా చెప్పాడు.

"చూడమ్మా మెహ్జబీన్, ఉగాది దాటితే మిల్లోళ్లు లాభాలు పంచుకొని ఎవరింటికి వాళ్లు పోతారు. ఆ తర్వాత మన మాట వినే దిక్కుండదు. ఈలోపు బండి కదిలిందా సరే. లేదంటే ఉగాది రోజు అమ్మకాలు గుంటూరు ఏజెన్సీకి అప్పజెప్తా. వాళ్లకి సంబంధాలున్నయ్. నువ్వు హాయిగా బిల్లుల కాడ కూర్చో."

ఇంట్లో భర్త షౌకత్‌కు ఇందులో కష్టమేమీ కనిపించలేదు. ఏసీలు బాగుచేసే మనిషి, ఎండాకాలం వస్తే తనకే ఊపిరాడదు. "బిల్లుల కాడ కూర్చుంటే ఏం పోయింది? పొద్దుగూకకముందే ఇంటికొస్తావు" అన్నాడు.

"బిల్లు పుట్టించేది గుంటూరోడు, నంబరేసేది నేనా?" అంది మెహ్జబీన్. ఇన్నేళ్లూ ఆ కొటేషన్లన్నీ ఆమె వేళ్ల కింద నుంచే వెళ్లాయి. వెళ్లిన కాగితాల్లో ఎన్ని తిరిగి పలకలేదో ఆమెకు తెలిసినంత ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. కుర్చీ మీద ఆశ ఉంది. అంతకంటే, ఆ కాగితాలు ఎక్కడ ఆగిపోతున్నాయో తేల్చాలన్న పంతం ఎక్కువ ఉంది.

అప్పటికే యజమాని మేనల్లుడు శ్రీహర్ష హైదరాబాదులో ఎంబీఏ చదివి వచ్చి ఫోనులో ఒక యాప్ పెట్టించాడు. అది ప్రతి సోమవారం మిల్లు యజమానులందరికీ తనంతట తానే మెసేజీ పంపుతుంది. పంపింది. జిల్లా అంతటా ఫోన్లు ఒకేసారి మోగాయి, చేతులు జోడించిన బొమ్మలు ఒకేసారి తిరిగొచ్చాయి. "రెస్పాన్స్ సూపర్ అక్కా!" అన్నాడు శ్రీహర్ష. దారిలో ఆగిపోయిన లారీకి కొత్త హారన్ బిగించినట్టయింది. కస్టమరంటే దేవుడు అని బోధించే శిక్షకుణ్ణి కూడా ఒకరోజు పిలిపించారు. అడిగిన దానికి కస్టమరూ తిన్నగా జవాబు చెప్పడు గనక ఆ పోలిక కొంత నిజమే. అంతకు మించి ఆ రోజు తేలింది లేదు.

అసలు చిక్కు మెహ్జబీన్‌కు గురజాలలో అర్థమైంది. అక్కడి మిల్లు నలుగురి పొత్తు. బస్సు ఆలస్యమైందని ఒక వాటాదారు ఆమెను బస్టాండు నుంచి తన కారులో ఎక్కించుకొచ్చాడు. మంచి మనిషి, దారి పొడుగునా యంత్రాన్ని మెచ్చుకున్నాడు. గేటు దగ్గర రెండో వాటాదారు ఆమె ఆ కారులోంచి దిగడం చూశాడు. చూసి ఒక్క మాటే అన్నాడు.

"ఓహో, అన్న మనిషివా అమ్మా నువ్వు?"

బేరం అక్కడే చచ్చింది. పొత్తు మిల్లుల్లో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. అమ్మవచ్చినవాడు ఏ వాటాదారు గుమ్మంలోంచి వస్తే ఆ వాటాదారు మనిషి. మిగతావాళ్లకు అతని రేటులో కమీషను వాసన కొడుతుంది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడదామంటే సీజనులో ఒకడు కొనుగోలు కేంద్రంలో, ఒకడు బ్యాంకులో, ఒకడు మిరపతోటలో ఉంటాడు. పైగా సువాయు ఇంజనీరు అరుణ్ కుమార్ మిల్లులో కొలతలు తీయాలంటే యంత్రాలు ఆగాలి. అవి ఆగవు. దాంతో ముందు ఉజ్జాయింపుగా ఒక రేటు, తర్వాత కొలిచి ఇంకో రేటు. రేటు మారిందంటే వాసన రుజువైనట్టే.

పుష్య మాసం అమావాస్య వచ్చింది. ఆ రోజు సువాయులో గేటు ముందు గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు మార్చి, అందరూ మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చుంటారు. ఎవరూ ఊరు దాటరు, కొత్త మాట ఎత్తరు. మెహ్జబీన్ ఊరికే కూర్చోలేక రెంటచింతల దారిలోని ఒక మిల్లుకు ఫోను చేసింది. అవతల పెద్దాయన గొంతు వెనక నలుగురైదుగురు గట్టిగా నవ్వుకుంటున్నారు.

"ఇయ్యాల అమాస గదమ్మా! మిల్లాపినాం. బెల్టులిప్పి నూనేస్తన్నారు. మేమందరం లెక్కలు చూసుకుంటా ఈడనే కూర్చున్నాం. ఇయ్యాల రాబాక, ఎల్లుండి రా."

ఆమె ఫోను పెట్టేసి కాసేపు గేటు ముందు పగిలిన గుమ్మడికాయనే చూసింది. ఎల్లుండి రమ్మంటున్నాడు. అంటే యంత్రాలు తిరిగే రోజున, మనుషులు నాలుగు దిక్కులా చెదిరిపోయే రోజున. యంత్రాలు ఆగి, వాటాదార్లంతా ఒకే బల్ల చుట్టూ ఉన్న రోజున మాత్రం రావద్దంటున్నాడు. ఇన్నేళ్లూ సువాయు కూడా సరిగ్గా ఆ ఒక్కరోజే కాళ్లు ముడుచుకొని కూర్చుంది.

"సార్, కారు కావాలి. అరుణ్‌ని తీసుకొని రెంటచింతల వైపు వెళ్తా."

మల్లికార్జునరావు ఉలిక్కిపడ్డాడు. "ఇయ్యాలా? నీకు పట్టింపు లేకపోవచ్చమ్మా, వాళ్లకుంటది గదా! అమాస నాడు ఎవడన్నా సంతకం పెడతాడా?"

"సంతకం ఎవరడిగారు సార్? కొలతలు తీసుకొస్తా."

పట్టింపు లేకపోవడం అనేది ఆయన ఊహ. కారెక్కుతూ ఇంటికి ఫోను చేస్తే తల్లి హజ్రా బీ ఉర్దూలో కోప్పడింది. భయం మాత్రం అచ్చ తెలుగుది. అమావాస్య రోజు రోడ్డెక్కుతావా, బండి కింద నిమ్మకాయ పెట్టించావా అని. మతాల ఐక్యత మీద సభలు పెట్టేవాళ్లకు తట్టదు గానీ, భయాలు మన ఊళ్లలో ఏనాడో కలిసి కాపురం పెట్టాయి. మెహ్జబీన్ నిమ్మకాయ పెట్టించానని అబద్ధమాడి బయల్దేరింది.

మిల్లులో బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను చూసి పగలబడి నవ్వారు.

"ఏందమ్మాయ్, అమాస నాడు అమ్మకానికొచ్చావా? మీ సేటు ఆఫీసులోంచి వెళ్లగొట్టాడా ఏంది?"

"అమ్మకానికి కాదు బాబాయ్. ఇయ్యాల సంతకం పెట్టమన్నా పెట్టరని తెలుసు. మా ఇంజనీరు కొలతలు తీసుకుంటాడు. అందరూ ఉన్నారు గనక రేటు ఒక్కసారే, అందరి ముందే చెప్తా. అక్కర్లేదంటే అదన్నా చెప్పండి. మళ్లీ ఫోను చెయ్యను."

నవ్వు ఆగింది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నిజంగా మళ్లీ చెయ్యవా?"

"ఒట్టు."

"సోమారం మెసేజీ కూడా రాదా?"

"రాదు బాబాయ్."

"అయితే వద్దమ్మా. వచ్చే ఏటికి ఈ మిల్లు అమ్మేస్తన్నాం. పోయినేడే అనుకున్నాం. మొహమాటానికి చెప్పలేకపోయినాం."

అందరి భుజాలూ ఒక్కసారిగా దిగాయి, మోయలేని సంచి దించుకున్నట్టు. అమావాస్య నాడు ఎవరూ ఎవరికీ మాట ఇవ్వరు. మాట ఇవ్వాల్సిన బెదురు లేకపోయేసరికి నిజం చెప్పడం తేలికైంది. టీ వచ్చింది. టీతోపాటు ఒక ఫోను నంబరూ వచ్చింది. మిల్లు కొనబోయేది కారంపూడి పొత్తులో వాటా ఉన్న లింగారెడ్డి అట. "వాడి కాడికి పో. మిషన్లంటే ప్రాణం పెడతాడు" అన్నాడు పెద్దాయన.

కారంపూడి మిల్లు సువాయు బోర్డులో అన్నిటికంటే పైన ఉంది. అక్కడ మల్లికార్జునరావుకు చెన్నకేశవులు అనే వాటాదారు వరసకు బావమరిది అవుతాడు. రెండేళ్లుగా బేరమంతా ఆ బావాబామ్మర్దుల మధ్యనే నడిచింది. లింగారెడ్డి అనే పేరు ఆఫీసులో ఎవరూ విననే లేదు.

మర్నాడు మెహ్జబీన్ బట్టముక్క తీసుకొని బోర్డు దగ్గరికి వెళ్లింది. ఫంక్షన్ హాలుతో మొదలుపెట్టింది.

"ఆగమ్మా, ఆగు! షాపులో సరుకంతా తీసుకెళ్లి రోడ్డు మీద పారబోస్తన్నావు" అన్నాడు మల్లికార్జునరావు.

"సరుకు కాదు సార్, పుచ్చు వంకాయలు. ఇవి బుట్టలో ఉన్నన్నాళ్లూ మంచి వంకాయ ఏదో మనకే కనపడదు."

ఆ తర్వాత ఆమె పద్ధతి మొత్తం ఒకే ప్రశ్నకు దిగింది. ఏ మిల్లుకు ఫోను చేసినా రేటు మాట, యంత్రం గొప్పలు ఎత్తదు. "వచ్చే అమావాస్య నాడు మీ వాటాదార్లందరూ ఉన్నప్పుడు రమ్మంటారా, వద్దంటారా?" అంతే. అక్కర లేనివాడు అమ్మవచ్చిన మనిషిని తోటి వాటాదార్ల ముందుకు పిలిచి మాట పడడు. "వద్దులేమ్మా" అంటాడు. ఆమె థాంక్స్ చెప్పి పేరు చెరిపేస్తుంది. రమ్మన్నవాడికి నిజంగానే దుమ్ము బాధ ఉన్నట్టు. నెలకు అమావాస్య ఒకటే గనక ఎక్కడికి పోవాలో ముందే తేలాలి. శ్రీహర్ష యాప్ కూడా చివరికి పనికొచ్చింది. సోమవారం మెసేజీలు ఆపించి, అమావాస్యకు రెండు రోజుల ముందు గుర్తుచేసేలా మార్చింది.

శివరాత్రికి కోటప్పకొండ తిరణాల ముగిశాక వచ్చిన అమావాస్యకు, కొలతలు తెలిసిన ఫిట్టరుతో ఆమె ఒక మిల్లుకు, అరుణ్ కుమార్ ఇంకో మిల్లుకు వెళ్లారు. అందరి ముందూ కొలిచారు, అందరి ముందూ ఒకే రేటు చెప్పారు. పాడ్యమి పనికిరాదు గనక విదియ నాడు రెండు చోట్లా సంతకాలయ్యాయి. "అమావాస్య మాట, విదియ సంతకం. ఏళ్లూ పూళ్లూ పట్టేదక్కా ఈ పని!" అని అరుణ్ కుమార్ షెడ్డులో చాటింపు వేశాడు. మల్లికార్జునరావు సంతోషించాడు గానీ పూర్తిగా కాదు.

"చిన్న మిల్లులమ్మా అవి. కారంపూడి తెస్తే అప్పుడు ఒప్పుకుంటా. ఉగాది పొద్దున ఏజెన్సీ ఆయన్ని రమ్మన్నాను మరి."

ఉగాదికి ముందు మిగిలింది కొత్త అమావాస్య ఒక్కటే. రెంటచింతల పెద్దాయన ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే లింగారెడ్డి అప్పుడే రమ్మన్నాడు. ఆ రోజు మెహ్జబీన్, అరుణ్ కుమార్‌లతో పాటు తనూ వస్తానని మల్లికార్జునరావు కారు ముందు సీట్లో కూర్చున్నాడు. బొట్టు పెట్టుకొని, జేబులో నిమ్మకాయ వేసుకొని. "మా కేశవులుంటాడు, నువ్వేం మాట్లాడక్కర్లా. మనోడే" అన్నాడు దారంతా.

కారంపూడి మిల్లులో బెల్టులు విప్పి ఉన్నాయి. తెల్లటి నలుసు నేల మీదా కిటికీల మీదా పేరుకొని ఉంది. బల్ల దగ్గర ముగ్గురు. చెన్నకేశవులు ఎదురొచ్చి, "దా బావా, దా!" అని మల్లికార్జునరావు భుజం మీద చెయ్యి వేశాడు. లింగారెడ్డి పేపరు మడిచి మళ్లీ విప్పాడు. మూడో వాటాదారు శ్యామల. భర్త పోయాక ఆయన వాటా చూసుకుంటోంది. ఆమె కుర్చీని అంగుళం వెనక్కి జరుపుకుంది. పేపరు, కుర్చీ రెండూ మెహ్జబీన్ చూసింది. గురజాల గేటు దగ్గర విన్న మాట ఇక్కడ ఎవరూ అనకుండానే వినపడింది. ఇన్నాళ్లూ ఈ ఆర్డరుకు అడ్డం పడింది దూరం కాదు, చుట్టరికం.

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. వెళ్లమనాల్సింది జీతమిచ్చే మనిషిని. అయినా ఏజెన్సీ రేపు పొద్దున్నే వస్తుంది.

"సార్, మీరూ కేశవులు గారూ అలా సెంటర్ దాకా వెళ్లి టీ తాగి రండి."

"టీ ఇక్కడే తెప్పిస్తారు గదమ్మా!"

"ఇక్కడి టీ బాగుండదు సార్."

చెన్నకేశవులు నోరు తెరిచాడు. లింగారెడ్డి పేపరు వెనక నుంచి ఫక్కున నవ్వాడు. "పో మల్లికార్జునా, పో. అమ్మాయికున్న తెలివి నీకు రెండేళ్లలో రాకపాయె!"

బావాబామ్మర్దులు బయటికి నడిచారు. నడక చూస్తే ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

"ఇప్పుడడగండి" అంది మెహ్జబీన్.

"ఇందులో కేశవులికి ఎంత ముడుతుంది?" లింగారెడ్డి తిన్నగానే వచ్చాడు.

"ఆయనకి ముడితే ఆయన్ని టీకి పంపిస్తానా అన్నా? రేటు అరుణ్ కొలిచాక చెప్తా. ఆయన తిరిగొచ్చాక మళ్లీ అదే చెప్తా. పైసా తేడా వస్తే మమ్మల్ని గేటు బయట పెట్టండి."

అరుణ్ కుమార్ గొట్టాల దారి కొలుస్తూ ఆ చివరికి పోయాడు. శ్యామల కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకుంది.

"సీజను నడుమ ఆడోళ్లంతా మిరపకోతలకి పోతన్నారు. కూలి పెంచినా ఉండట్లా. ఈ దుమ్ములో దగ్గలేక పోతన్నామంటన్నారు. మీ మిషను పెడితే ఉంటారని రాసిస్తావా?"

"రాసివ్వను శ్యామలక్కా. దుమ్ము ఎంత తగ్గుద్దో రాసిస్తా. ఉంటారో లేదో మిరపకోత కూలి కూడా చెప్పాలి కదా."

శ్యామల మొదటిసారి ఆమె ముఖం వైపు నిదానంగా చూసింది. "ఉంటారని చెప్పినోళ్లే వచ్చారు ఇప్పటిదాకా" అంది.

రేటు చెప్పింది. చెన్నకేశవులు వచ్చాక అదే చెప్పింది. ముగ్గురూ ఆమె ఎదుటే వాదులాడుకున్నారు. చివరికి లింగారెడ్డి తేల్చాడు. "మొత్తం మిల్లుకి వద్దు. ఒక్క లైనుకి పెట్టి చూద్దాం." తర్వాత గబుక్కున సర్దుకున్నాడు. "ఇది ఆ చూద్దాం కాదులే, నిజంగా చూద్దామనే. రేపు ఉగాది, ఆ ఒక్క పాడ్యమి మంచిదే. పొద్దున్నే ఫోన్జేస్తా."

తిరుగు దారిలో, వినుకొండ రోడ్డు దగ్గర మల్లికార్జునరావు అన్నాడు. "టీ నిజంగానే బాగుందమ్మా. కేశవులు మాత్రం తాగలా."

ఉగాది పొద్దున గుంటూరు ఏజెన్సీ ఆయన ఇస్త్రీ చొక్కాతో, పూలదండతో, స్వీటు పెట్టెతో వచ్చి యజమాని గదిలో కూర్చున్నాడు. పచ్చడి తిని చేదుకు మొహం చిట్లించాడు. మెహ్జబీన్ బోర్డు పక్కన నిలబడి ఉంది. బోర్డు మీద ఇప్పుడు మిగిలిన పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వచ్చినాయన దాన్ని చూసి నాలుక చప్పరించాడు.

"ఇంతేనా సార్? మాకివ్వండి, నెల తిరిగేలోపు బోర్డు నింపేస్తాం. పల్నాడంతా మా సంబంధాలే."

ఫోను మోగింది. మెహ్జబీన్ స్పీకరులో పెట్టింది. లింగారెడ్డి గొంతు గదంతా నిండింది. "కాయితం పంపించమ్మా, ముగ్గురం సంతకం పెడతాం. ఒక్క లైనే! మీ సేటుకి చెప్పు, టీకి మళ్లీ రావొద్దని."

మల్లికార్జునరావు చెవులు ఎర్రబడ్డాయి. ఏజెన్సీ ఆయన స్వీటు పెట్టె కొంచెం ముందుకు జరిపాడు. "మరి మన సంగతి సార్?"

మల్లికార్జునరావు నోట్లోకి "చూద్దాంలే" వచ్చేసింది. మెహ్జబీన్‌కు అది కనిపించింది కూడా. ఆయన ఒకసారి బోర్డు వైపు చూశాడు, దాన్ని మింగేశాడు.

"వద్దయ్యా" అన్నాడు. ఆ మాట ఆయన నోటికి కొత్త. కాస్త గట్టిగా వచ్చింది. "మా అమ్మాయి చూసుకుంటది."

వచ్చినాయన కోప్పడలేదు. లేచి చొక్కా సర్దుకొని, "మంచిది సార్, మాచర్లలో ఇంకో పార్టీ ఉంది, మధ్యాహ్నానికల్లా అందుకుంటా" అని గబగబా వెళ్లిపోయాడు.

"చూశారా సార్, వద్దన్నందుకు ఆయనకి పూట మిగిలింది" అంది మెహ్జబీన్. మేనేజరు కుర్చీ తన బల్ల దగ్గరికి లాక్కొని, కారంపూడి కొటేషన్ తానే టైపు చేయడం మొదలుపెట్టింది.